మిగులు ధనము నుండి పుట్టిన పతకము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల సామెత. విద్వాంసుల సభ జరిపించి చూడు అని దానికి మరియొక మాట చేర్చవచ్చును. ప్రయోగశాలకు యంత్రములు కావలెనన్నచో ఆ వ్యయమును ఎల్లరును ఒప్పుకొందురు. యంత్రము కంటికి కనబడును, పది సంవత్సరములు నిలుచును. సభ అట్టిది కాదు. దూరదేశముల నుండి వచ్చు పండితులకు దారి బత్తెము, బస, భోజనము, సభామందిరము, తరువాత ఉపన్యాసముల ముద్రణము, ఇన్నింటికిని ధనము కావలెను. వారము దినములు గడచిన పిమ్మట పందిరి విప్పుదురు, కుర్చీలు తిరిగి పోవును. మిగిలినదేమి అని ఖజానా అధికారి అడిగినచో సమాధానము చెప్పుట సులభము కాదు.

అందువలననే శాస్త్రసభకు ప్రభుత్వ ధనమును అర్థించువారికి మూడు ప్రశ్నలు ఎదురగును. ఎవరిని అడుగవలెను? ఏమని అడుగవలెను? వచ్చిన ధనమునకు లెక్క ఎట్లు చెప్పవలెను? ఈ మూడింటికిని చరిత్రలో ఒక చక్కని ఉదాహరణము కలదు. అది 1924లో కెనడా దేశమునందలి టొరంటో నగరమున ఆరంభమై, 2010లో మన హైదరాబాదు వరకు వచ్చినది. ఆ కథను చెప్పుటకు ముందు విద్వత్సభ వలన ప్రయోజనమేమో, పూర్వము వానిని ఎవరి ధనముతో నడిపెడివారో కొంచెము తెలిసికొనుట మంచిది.

1860 సెప్టెంబరు 3వ తేదీ మొదలు మూడు దినములు జర్మనీ దేశమునందలి కార్ల్స్‌రూహె నగరమున సుమారు 140 మంది రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమైరి. పరమాణు భారములను ఎట్లు నిర్ణయింపవలెనను విషయమున అప్పటికి ఏకాభిప్రాయము లేదు. ఒకే పదార్థమునకు ఒక్కొక్కరు ఒక్కొక్క సూత్రము వ్రాసెడివారు. బాడెన్ రాజ్యపు శాసనసభా మందిరమున వాదోపవాదములు జరిగినవి కాని సభ ఏ తీర్మానమునకును రాలేదు. సభ ముగియు వేళ ఇటలీ దేశీయుడైన కన్నిజారో వ్రాసిన చిన్న పుస్తకమును ఆయన మిత్రుడు పవేసి అచ్చటి వారికి పంచిపెట్టెను. దానిని ఇంటికి తీసికొనిపోయి చదివిన వారిలో జర్మనీకి చెందిన లోథార్ మేయరు ఒకడు. సభకు వచ్చి కన్నిజారో వాదమును చెవులార విన్నవారిలో రష్యాకు చెందిన మెండలీవు ఒకడు. మూలకముల ఆవర్తన పట్టికకు అవసరమైన పునాది ఆ సభలోనే పడినది. మెండలీవు పట్టిక వెలువడినది 1869లో. అనగా సభా ఫలితము తొమ్మిది సంవత్సరములకు పండినది. సభ ముగిసిన మరునాడు ఏమి సాధించితిరి అని ఎవరైనను అడిగియున్నచో, ఏమియు లేదు అనియే సమాధానము వచ్చియుండును.

ఇట్టి సభలకు మొదట ప్రభుత్వములు పోషకులు కావు. 1822లో లైప్‌జిగ్ నగరమున లోరెంజ్ ఓకెన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు జర్మను శాస్త్రవేత్తల, వైద్యుల సమాజమును నెలకొల్పెను. ఏటేట ఒక్కొక్క నగరమున సభ చేయుటయే దాని పని. తన పత్రముల భాండారము తప్ప ఏ ఆస్తియు సమాజమునకు ఉండరాదని దాని నిబంధనలలోనే వ్రాసికొనిరి. ఆస్తి లేనిచోట అధికారము పెత్తనము చేయుటకు తావు తక్కువ అని వారి భావము కాబోలు. 1828లో బెర్లిను సభకు హంబోల్టు అధ్యక్షత వహించగా, ఆయన ఇచ్చిన విందుకు ప్రష్యా రాజు స్వయముగా వచ్చెను. ఆ సభను చూచి ఇంగ్లండుకు మరలిపోయిన చార్లెస్ బాబేజి దానిని గూర్చి వ్రాసెను. ఆ దేశమునందును అట్టి సంస్థ కావలెనను కోరిక బలపడి, 1831 సెప్టెంబరులో యార్కు నగరమున బ్రిటిషు అసోసియేషను ఏర్పడెను.

బ్రిటిషు అసోసియేషను వారు సభ్యుల చందాలతో సభలు నడుపుకొనుటయే కాక, మిగిలిన ధనమును పరిశోధనకు ఇచ్చిరి. 1834లో సముద్రపు ఆటుపోటుల లెక్కలకై 20 పౌనులు ఇచ్చుటతో ఆ దానము ఆరంభమైనది. ప్రభుత్వమును వారు అర్థింపకపోలేదు. సభలో నిర్ణయించిన పెద్ద పనుల నిమిత్తము మాత్రమే అర్థించిరి. 1838లో వారు కోరిన కోరికకు ఫలితముగా మరుసటి ఏడు రాస్ నాయకత్వమున రెండు ఓడలు దక్షిణ ధ్రువ ప్రాంతమునకు అయస్కాంత పరిశీలనకై బయలుదేరినవి. ఆ ప్రయత్నమునకు తోడుగా ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు, సిమ్లా, సింగపూరులందు పరిశీలనా కేంద్రములు నెలకొల్పిరి. సభ ఖర్చు సభ్యులది, పని ఖర్చు ప్రభుత్వముది అను విభజన అప్పటికి సరిపోయినది.

శాస్త్రసభలు అంతర్జాతీయములైనకొలది ఆ విభజన నిలువలేదు. గణితశాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ మహాసభ 1897లో స్విట్జర్లండునందలి జూరిచ్ నగరమున జరిగినది. 1900లో పారిస్ నగరమున జరిగిన రెండవ సభలోనే హిల్బర్టు, రానున్న శతాబ్దమున గణితము సాధింపవలసిన సమస్యలను గూర్చి ప్రసంగించెను. నాలుగేండ్లకొకసారి సముద్రములు దాటివచ్చు వందలాది పండితులకు ఆతిథ్యమిచ్చుట ఏ ఊరి గణిత సమాజమునకును తలకు మించిన భారము. ప్రభుత్వము చేయూతనీయక తప్పనిదైనది. ప్రభుత్వము చేయి చాచినచోట ప్రభుత్వముల పగలు కూడ వెంట వచ్చుననుట మొదటి ప్రపంచ యుద్ధానంతరము స్పష్టమైనది.

1919లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన మండలి, యుద్ధమున ఓడిన జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, బల్గేరియా దేశముల శాస్త్రజ్ఞులను తన సభలకు రానీయరాదని నియమము చేసెను. 1920లో గణిత మహాసభ స్ట్రాస్‌బర్గు నగరమున జరిగినది. ఆ నగరము రెండేండ్లకు పూర్వము వరకు జర్మనీ ఏలుబడిలో ఉండి, యుద్ధముతో తిరిగి ఫ్రాన్సునకు వచ్చినది. అట్టి చోటును ఎంచుకొనుటలోని అర్థము ఎవరికిని తెలియనిది కాదు. ఇంగ్లండున హార్డీ, స్వీడనున మిట్టాగ్ లెఫ్లెరు వంటి పెద్దలు ఈ బహిష్కారమును నిరసించిరి. తదుపరి సభను న్యూయార్కులో జరుపుదుమని అమెరికను ప్రతినిధులు ఆహ్వానించిరి కాని, జర్మనులను వెలివేయు సభకు తమ దేశమున మద్దతు లభింపలేదు, ధనమును చేకూరలేదు. ఆహ్వానమును వారు ఉపసంహరించుకొనిరి. అట్లు అనాథయైన సభను తన భుజములకెత్తుకొన్నవాడు జాన్ చార్లెస్ ఫీల్డ్సు.

ఫీల్డ్సు 1863లో కెనడాలోని హామిల్టను నగరమున జన్మించెను. టొరంటోలో చదివి, అమెరికాలో జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమున 1887లో డాక్టరు పట్టము పొందెను. పిమ్మట పెక్కు సంవత్సరములు పారిస్, బెర్లినులందు గడపి, ఫ్రెంచి, జర్మను పండితులు ఉభయులతోను స్నేహము సంపాదించెను. 1902లో టొరంటో విశ్వవిద్యాలయమున చేరి కడవరకు అచ్చటనే యుండెను. ఆయన గణిత కృషి గట్టిదే కాని, ఆయనను చిరస్మరణీయుని చేసినది వేరొక గుణము. ప్రభుత్వము ఎదుట శాస్త్రము పక్షమున నిలిచి ఓపికతో అడుగ గలిగినవాడు ఆయన. అడుగనిదే అమ్మయినను పెట్టదను సంగతి ఆయనకు బాగుగా తెలియును. పరిశోధనకై టొరంటో విశ్వవిద్యాలయమునకు ఏటేట 75,000 డాలర్లు ఇవ్వవలెనని ఒంటారియో శాసనసభను ఒప్పించుటకు ఆయన పాటుపడెను. కెనడా జాతీయ పరిశోధన మండలి స్థాపనకును ఆయన తోడ్పడెను. రాయల్ కెనడియన్ ఇన్‌స్టిట్యూటు అధ్యక్షుడుగా 1919 నుండి 1925 వరకు ఉండి, విజ్ఞానము దేశమునకు ఎట్లు ఉపకరించునో పౌరులకు, పారిశ్రామికులకు, మంత్రులకు బోధించుచు వచ్చెను.

ఇది గమనింపదగిన విషయము. 1924 మహాసభకై ఫీల్డ్సు ప్రభుత్వముల తలుపు తట్టినపుడు ఆయన ఆ తలుపునకు కొత్తవాడు కాడు. ఒక సభ కొరకు ఒక దరఖాస్తు వ్రాసి, ధనము రాగానే మరచిపోవు మనిషి కాడు. అడుగువాడు ఎవరో, మునుపు ఇచ్చినదానిని ఏమి చేసినాడో ఇచ్చువారికి తెలిసియుండెను. కెనడా కేంద్ర ప్రభుత్వమును, ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వమును సహాయము చేసినవి. ఆయన ఐరోపా దేశములకు పోయి పండితులను స్వయముగా ఆహ్వానించెను.

1924 ఆగస్టు 11 నుండి 16 వరకు టొరంటో మహాసభ జరిగినది. సభ్యుల సంఖ్య 444. అదే నెలలో బ్రిటిషు అసోసియేషను తన వార్షిక సభను కూడ టొరంటోలోనే చేసెను. విశాఖపట్టణమున బాల్యము గడపి, అప్పటికి కలకత్తాలో ఆచార్యుడుగా ఉన్న చంద్రశేఖర వెంకట రామను ఆ సభకు ఆహ్వానితుడై వెళ్లినది అప్పుడే. గణిత సభ ముగిసిన పిమ్మట ప్రతినిధులను ప్రత్యేక రైలులో పశ్చిమ సముద్రతీరము వరకు తీసికొనిపోయి తిరిగి తెచ్చిరి. ఆతిథ్యమునకు లోపము లేదు. లోపమున్నది ఒక్కచోటనే. గణితమునందు అగ్రగణ్యులైన జర్మను పండితులకు ఆ సభలో ప్రవేశము లేదు. పేరు అంతర్జాతీయము, ద్వారము మాత్రము సగము మూసినది.

ఇక లెక్కల సంగతి. సభ ముగిసినంతనే ఫీల్డ్సు పని ముగియలేదు. ఉపన్యాసములన్నిటిని సేకరించి, పరిష్కరించి, రెండు పెద్ద సంపుటములుగా 1928లో ప్రకటించెను. అనగా సభ ఆరు దినములు, దాని గ్రంథము నాలుగేండ్లు. ముద్రణ వ్యయము కూడ పోగా సుమారు 2,700 డాలర్లు మిగిలినవి. పెద్ద సొమ్ము కాదు. ఏదో ఒక ఖర్చు చూపి దానిని సర్దివేయుట ఎంత పని? మిగిలినదని ఒప్పుకొనుటయే ఒక నీతి. మిగిలినదానితో ఏమి చేయవలెనో యోచించుట దానికి మించిన వివేకము.

1931 ఫిబ్రవరి 24వ తేదీన టొరంటోలో మహాసభ కార్యవర్గము సమావేశమై, ఆ మిగులు నుండి 2,500 డాలర్లు వేరుచేసి, ఇక ముందు జరుగు మహాసభలలో రెండేసి బంగారు పతకములు ఇచ్చుటకు వినియోగింపవలెనని తీర్మానించెను. పతకముల స్వరూపమును గూర్చి ఫీల్డ్సు వ్రాసిన వివరణలో ఒక షరతు కలదు. అవి వీలైనంతవరకు అంతర్జాతీయములై యుండవలెను. ఏ దేశము పేరుగాని, ఏ సంస్థ పేరుగాని, ఏ వ్యక్తి పేరుగాని వానికి తగిలింపరాదు. జరిగిన పనికి గుర్తింపుగా మాత్రమే కాక, జరుగవలసిన పనికి ప్రోత్సాహముగా కూడ వానిని ఇవ్వవలెను.

ఈ షరతు వెనుక నున్న వేదన శ్రోతలకు బోధపడకపోదు. కొన్ని దేశములను వెలివేసిన సభకు ఆయన ధనము కూర్చెను. ఆ ధనములో మిగిలిన భాగముతోనే, ఏ దేశమును వెలివేయని బహుమానమును సంకల్పించెను. గాయమైన చోటనే మందు పెట్టుటకు ఆయన చేతిలో మిగిలిన సాధనము అదియొక్కటే. ఈ లోపల 1928లో ఇటలీలోని బొలోన్యా నగర మహాసభకు పింకెర్లే పట్టుదలతో జర్మనులను తిరిగి ఆహ్వానించెను. హిల్బర్టు నాయకత్వమున వారు సభలో అడుగుపెట్టినపుడు ఆ వెలి ముగిసినది.

ఫీల్డ్సు తన సంకల్ప ఫలమును చూడలేదు. 1932 ఆగస్టు 9వ తేదీన ఆయన మరణించెను. తన ఆస్తి నుండి సుమారు 47,000 డాలర్లను పతక నిధికి చేర్చవలసినదిగా మరణశాసనము వ్రాసెను. మరుసటి నెలలో జూరిచ్ మహాసభ ఆ ప్రతిపాదనను అంగీకరించెను. 1936లో ఆస్లో నగరమున ఫిన్లండుకు చెందిన ఆల్ఫోర్సు, అమెరికాకు చెందిన జెస్సీ డగ్లసు తొలి పతకములను పొందిరి. ఏ వ్యక్తి పేరును వద్దన్న ఆయన మాటను మాత్రము లోకము మన్నింపలేదు. అది ఫీల్డ్సు పతకముగానే ప్రసిద్ధికెక్కినది. గణితమున అంతకు మించిన గౌరవము లేదని నేడు ఎల్లరును అంగీకరింతురు.

86 సంవత్సరములు గడచినవి. 2010 ఆగస్టు 19 నుండి 27 వరకు అదే మహాసభ హైదరాబాదు నగరమున జరిగినది. వరుసలో అది 26వ సభ. ఆసియా ఖండమున మూడవది, భారతదేశమున మొదటిది. దేశదేశముల నుండి 3,000 మందికి పైగా గణితజ్ఞులు వచ్చిరి. నిర్వాహక సంఘమునకు ఎం. ఎస్. రఘునాథన్ అధ్యక్షుడు, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన రజత్ టండన్ కార్యదర్శి. రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ సభను ప్రారంభించిరి. ఇజ్రాయెలుకు చెందిన లిండెన్‌స్ట్రాస్, వియత్నాములో జన్మించిన ంగో బావొ చౌ, రష్యాలో జన్మించిన స్మిర్నోవు, ఫ్రాన్సునకు చెందిన విల్లాని, ఈ నలుగురును ఫీల్డ్సు పతకములను ఆ వేదికపై అందుకొనిరి. టొరంటోలో పొదుపు చేసిన డాలర్ల ఫలము గోలకొండ సీమకు ఇట్లు చేరినది.

ఈ సభయు వట్టి చేతులతో ముగియలేదు. సామాన్య ప్రజలకు గణితమును పరిచయము చేసిన కృషికై నిర్వాహకులు ఒక బహుమతిని నెలకొల్పి, భాస్కరాచార్యుల గ్రంథము పేర దానికి లీలావతి బహుమానమని నామకరణము చేసిరి. తొలిసారి అది సైమన్ సింగ్ అను రచయితకు లభించెను. ఒక్క హైదరాబాదు సభ కొరకే తలపెట్టిన ఆ బహుమానము తరువాతి మహాసభలలో కూడ కొనసాగినది. పావులూరి మల్లన తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే గణిత గ్రంథమును తెలుగు పద్యములలో ప్రజలకందించిన నేల ఇది. ఇక్కడ జరిగిన సభ జనసామాన్యము కొరకు గణితమును చెప్పువారిని గౌరవించుట సముచితమే.

అయినను ప్రభుత్వము తోడున్నచోట కలుగు చిక్కు ఒకటి అప్పుడును తలయెత్తినది. ఆ మహాసభ సందర్భమున చదరంగ వీరుడు విశ్వనాథన్ ఆనందునకు, గణితజ్ఞుడు డేవిడ్ మంఫర్డునకు హైదరాబాదు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టములు ఇవ్వదలచెను. ఆనందు విదేశమున నివసించుచున్నందున ఆయన పౌరసత్వమేదని కేంద్ర మంత్రిత్వ శాఖలో సందేహము పుట్టి, అనుమతి ఆగిపోయినది. మంత్రి తరువాత క్షమాపణ చెప్పిరి కాని పట్టప్రదానము అనుకొన్న సమయమునకు జరుగలేదు. ఆనందు మాత్రము వచ్చి, 40 మందితో ఏకకాలమున చదరంగమాడి సభవారిని అలరించెను. ఏ దేశము పేరును తగిలింపరాదన్న ఫీల్డ్సు పతకము పంచిన ఊరిలోనే దేశమేదను ప్రశ్న వచ్చుట విధి వైచిత్ర్యము.

ఆ ప్రశ్న ఇంకను తీవ్ర రూపమున 2022లో వచ్చెను. ఆ యేటి మహాసభ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జరుగవలసియుండెను. ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిను దేశముపై దండెత్తగా, అంతర్జాతీయ గణిత సంఘమువారు రెండు దినములు తిరుగకముందే సభను అక్కడ నుండి తొలగించి, అంతర్జాలము ద్వారా జరుప నిశ్చయించిరి. బహుమాన ప్రదానము ఫిన్లండు రాజధాని హెల్సింకిలో జరిగినది. పతకము పొందినవారిలో ఉక్రెయినులో జన్మించిన మరీనా వియాజోవ్‌స్కా ఒకరు. అయితే 1920లో చేసినట్లు ఈమారు వ్యక్తులను వెలివేయలేదు. రష్యా గణితజ్ఞులు తమంతట తాము పాల్గొనవచ్చును. ఆ ప్రభుత్వము పెత్తనము మాత్రము ఉండరాదు. ధనమిచ్చు రాజ్యమునకు, సభలో కూర్చుండు విద్వాంసునకు గల భేదమును లోకము నూరేండ్లలో నేర్చుకొన్నది.

మన దేశమున ఇట్టి పాఠము నేర్పు మరియొక సంస్థ భారత సైన్సు కాంగ్రెసు. సైమన్‌సెన్, మక్‌మహన్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల చొరవతో, బ్రిటిషు అసోసియేషను పోలికగా, 1914 జనవరి 15న కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ భవనమున తొలి సభ జరిగినది. సర్ ఆశుతోష్ ముఖర్జీ అధ్యక్షుడు. హాజరైనవారు 105 మంది, చదివిన వ్యాసములు 35. పరాయి పాలనలో కూడ ఆ సంస్థ తన అధ్యక్షుని తాను ఎన్నుకొనెడిది. 1943 సభకు జవాహర్‌లాల్ నెహ్రూను ఎన్నుకొనిరి; ఆయన చెరసాలలో ఉండుటచే ఆ సభకు వాడియా అధ్యక్షత వహించెను. నాలుగేండ్లకు, 1947 జనవరిలో, నెహ్రూ ఢిల్లీ సభకు అధ్యక్షుడయ్యెను. హైదరాబాదున 1937, 1954, 1967, 1979, 1998, 2006 సంవత్సరములందును, విశాఖపట్టణమున 1976, 2008లందును, తిరుపతిలో 1983, 2017లందును ఆ సభలు జరిగినవి. తెలుగునాట అంతటి పరిచయము గల శాస్త్రసభ వేరొకటి లేదు.

కాలక్రమమున ఆ సభ కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చు గ్రాంటుపై ఆధారపడినది. సభ పెరిగినది, వేల మంది రాసాగిరి, ప్రధానమంత్రి ప్రారంభోపన్యాసము ఆనవాయితీ అయినది. ఉత్సవము పెరిగినంతగా శాస్త్రము పెరుగలేదన్న విమర్శ కూడ వచ్చినది. 2023 సెప్టెంబరులో, ధన వినియోగమున అక్రమములున్నవని ఆరోపించి ఆ శాఖ తన సహాయమును ఉపసంహరించుకొన్నది. సంఘమువారు ఆరోపణలను త్రోసిపుచ్చి ఢిల్లీ హైకోర్టునకు పోయిరి. 2024 జనవరిలో జరుగవలసిన 109వ సభ జరుగలేదు. కరోనా మహమ్మారి కాలమున 2021, 2022లలో ఆగినది వేరు సంగతి. ధనము, స్థలము, పరస్పర విశ్వాసము మూడును కరవై ఆగుట వేరు. ఎవరి పక్షమున న్యాయమున్నదో తేల్చుట ఈ ప్రసంగము పని కాదు. ఒక్క చేతి నుండి వచ్చు ధనముపై నిలిచిన సభ, ఆ చేయి ముడిచిన దినముననే కూలునన్నది మాత్రము స్పష్టము.

కావున ప్రభుత్వమును అర్థింపరాదా? అర్థింపక తప్పదు. చిన్న కళాశాలలోని అధ్యాపకుడు, పల్లెటూరి నుండి వచ్చిన పరిశోధక విద్యార్థి సొంత ధనముతో దూర సభలకు పోలేరు. చందాలతోనే సభలు నడుపవలెనన్నచో అవి ధనికుల సభలగును. ప్రజల ధనము సభకు వచ్చుట వలననే సభాద్వారము ప్రజల బిడ్డలకు తెరచుకొనును. అయితే అర్థించుటకు ఒక పద్ధతి కలదు.

ఒకటి, అడుగుటకు ముందే ఉద్దేశము తేటతెల్లము కావలెను. ఏ ప్రశ్నను చర్చింపబోవుచున్నారు, ఎవరు రావలెను, వారే ఎందుకు రావలెను అను దానికి ఒక్క పుటలో సమాధానము లేని దరఖాస్తు, ఎన్ని పుటలున్నను ఖాళీ కాగితమే. రెండు, ఆదాయవ్యయ పట్టికలో ప్రభుత్వ భాగమెంత, ప్రతినిధుల రుసుమెంత, ఆతిథ్యమిచ్చు సంస్థ భాగమెంత అని విడివిడిగా చూపవలెను. పలువురు మోసిన పల్లకి ఒకరు తప్పుకొన్నను నేలబడదు. మూడు, వక్తలను, విషయములను, అధ్యక్షుని ఎన్నుకొను అధికారము విద్వాంసుల చేతిలోనే ఉండవలెను. 1850 నుండి ఇంగ్లండు ప్రభుత్వము రాయల్ సొసైటీకి ఏటేట 1,000 పౌనులిచ్చి, ఎవరికి పంచవలెనో ఆ సొసైటీకే విడిచిన మర్యాద ఇందుకు ఆదర్శము.

నాలుగవది లెక్క. మన దేశమున 2017 ఆర్థిక నియమావళి ప్రకారము గ్రాంటు పొందిన సంస్థ, ఆర్థిక సంవత్సరము ముగిసిన పండ్రెండు నెలలలోపల వినియోగ ధ్రువపత్రమును సమర్పింపవలెను. పలువురు దీనిని గుమాస్తాల పీడగా తలంతురు. అది సరికాదు. లెక్క సరిగా చెప్పినవాడే రెండవమారు తలయెత్తి అడుగగలడు. లెక్క చెప్పనివాని స్వాతంత్ర్యమునకు తొలి శత్రువు ప్రభుత్వము కాదు, వాని చిత్తు పుస్తకమే. మిగిలిన ధనమును నేడు మన నియమముల ప్రకారము తిరిగి చెల్లింపవలసియుండును. ఫీల్డ్సు చేసినట్లు పతకమునకు మళ్లించుటకు వీలుండదు. అయినను ఆయన నుండి నేర్వవలసినది అది కాదు. సభ ముగిసిన పిమ్మట నాలుగేండ్లు కూర్చుండి గ్రంథమును పూర్తిచేసినది, మిగిలిన కాసును దాచక పదిమంది ఎదుట ఉంచినది, ఆ రెండు పనులును నేర్వవలసినవి.

ఖజానా అధికారి అడుగు ప్రశ్న న్యాయమైనదే: సభ ముగిసిన పిమ్మట మిగిలినదేమి? కార్ల్స్‌రూహె సభ తరువాత ఒక చిన్న పుస్తకము మిగిలినది. టొరంటో సభ తరువాత రెండు సంపుటములు, 2,700 డాలర్లు మిగిలినవి. హైదరాబాదు సభ తరువాత లీలావతి పేర ఒక బహుమానము మిగిలినది. రేపు ఏ కళాశాలలోనైనను ఒక అధ్యాపకుడు చిన్న శాస్త్రసభకై ప్రభుత్వమునకు దరఖాస్తు వ్రాయుటకు కూర్చున్నపుడు, ఆ ప్రశ్నకు సమాధానమును మొట్టమొదట వ్రాసికొని, తరువాతనే అంకెలు వేయుట మేలు.